భాగం - 9: కాంతి చికిత్సలో మొక్కల రసాయనాలు - చారిత్రక పరిణామం

విషయ క్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 బొల్లి: వ్యాధి, పేరు, సమాజం
9.3 పాత వైద్య గ్రంథాల్లో మొక్క, ఎండ
9.4 ఐరోపాలో కాంతి పరిశోధన
9.5 గింజలోని రసాయనం
9.6 కైరోలో ఎల్ మోఫ్తీ కృషి
9.7 దీపం కిందికి చేరిన చికిత్స
9.8 కొలత బయటపెట్టిన హాని
9.9 చర్మం నుంచి రక్తానికి, పత్రహరితానికి
9.10 భారతదేశంలో నేటి స్థితి
9.11 సారాంశం
9.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
- మొక్కల నుంచి వచ్చిన రసాయనాలు కాంతితో కలిసి ఎలా పనిచేస్తాయో వివరించగలుగుతారు.
- బావంచాల నుంచి పువా చికిత్స దాకా జరిగిన పరిణామాన్ని కాలక్రమంలో చెప్పగలుగుతారు.
- సంప్రదాయ వైద్యం, ఆధునిక వైద్యం ఈ చికిత్సకు వేరువేరుగా ఏమి సమకూర్చాయో అంచనా వేయగలుగుతారు.
- ఒక మందు ప్రాచీనత, దాని భద్రత ఒకటి కావన్న విషయాన్ని ఆధారాలతో చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

బావంచాల మొక్క మన ప్రాంతంలో బంజరు నేలల్లోనూ, చేల గట్ల మీదా పెరుగుతుంది. ఊదారంగు చిన్న పూలు పూస్తుంది. నల్లని కాయలో ఒకే గింజ ఉంటుంది. ఆయుర్వేదంలో దీనిని బాకుచి, అవల్గుజ అంటారు. మూలికల దుకాణాల్లో ఈ గింజలు ఇప్పటికీ దొరుకుతాయి. బొల్లి మచ్చల మీద వీటిని నూరి పూసి ఎండలో కూర్చోవడం చాలాకాలంగా ఉన్న అలవాటు.

నేడు పెద్ద ఆసుపత్రుల చర్మ వ్యాధుల విభాగంలో రోగికి ఒక మాత్ర ఇచ్చి, రెండు గంటల తరవాత అతినీలలోహిత దీపాలు అమర్చిన పెట్టెలో నిలబెట్టే చికిత్స ఉంది. ఆ మాత్రలోని రసాయనం, బావంచాల గింజలోని రసాయనం ఒకే కుటుంబానికి చెందినవి. గట్టు మీది మొక్కకూ ఆసుపత్రిలోని దీపానికీ మధ్య ఉన్న చరిత్రే ఈ భాగంలోని పాఠ్యాంశం.

ఈ చరిత్రను రెండు రకాలుగా చెప్పడం పరిపాటి. మన పూర్వులకు అంతా ముందే తెలుసనీ, పాశ్చాత్యులు దాన్ని తమదిగా చెప్పుకున్నారనీ ఒక వాదం. పాతదంతా మూఢనమ్మకమనీ, అసలు వైద్యం ప్రయోగశాలలోనే పుట్టిందనీ రెండో వాదం. ఈ రెండూ ఆధారాలకు నిలవవు. ఈ చికిత్సకు మూడు అంశాలు కావాలి: మొక్క, కాంతి, కొలత. మొదటి రెంటినీ కలిపినవారు పాత వైద్యులు. మూడోది ఆధునిక విజ్ఞానం ఇచ్చింది. ఆ మూడోది వచ్చిన తరవాతే చికిత్స వల్ల ఎంత మేలో, ఎంత హానో తెలిసింది.

9.2 బొల్లి: వ్యాధి, పేరు, సమాజం

చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. దాన్ని తయారుచేసే కణాలు నశించిన చోట చర్మం తెల్లబడుతుంది. అదే బొల్లి. శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున తన వర్ణకణాల మీదే దాడి చేయడం దీనికి ప్రధాన కారణమని నేటి వైద్యశాస్త్రం భావిస్తోంది. ఇది అంటువ్యాధి కాదు. ప్రాణాంతకమూ కాదు.

అయినా ఈ వ్యాధి మనిషిని సమాజంలో ఒంటరిని చేసింది. సంస్కృత వైద్య గ్రంథాలు దీన్ని శ్విత్రం, కిలాసం అనే పేర్లతో కుష్ఠ వ్యాధుల సరసన చర్చించాయి. ఆ గ్రంథాల్లో 'కుష్ఠం' అనేది అనేక చర్మ వ్యాధులకు ఉమ్మడి పేరు. తరవాతి కాలంలో ఆ మాట ఒక్క కుష్ఠు వ్యాధికే స్థిరపడింది. దానితో 'శ్వేతకుష్ఠం' అనే పేరు బొల్లికి లేని భయాన్ని అంటగట్టింది. ఒక పేరు చేసిన అన్యాయం ఇది. నల్లని, చామనఛాయ చర్మం మీద తెల్ల మచ్చ కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. అందువల్ల భారతదేశం, ఈజిప్టు వంటి దేశాల్లో బొల్లి ఉన్నవారికి, ముఖ్యంగా పెళ్లి కావలసిన ఆడపిల్లలకు, జబ్బు కన్నా లోకుల చూపే ఎక్కువ బాధ కలిగించింది.

ఈ చికిత్స కోసం అన్వేషణ ఈ దేశాల్లో ఎందుకు ఎక్కువగా సాగిందో అర్థం చేసుకోవడానికి ఈ సామాజిక నేపథ్యం అవసరం.

9.3 పాత వైద్య గ్రంథాల్లో మొక్క, ఎండ

అథర్వవేదం మొదటి కాండలో కిలాసాన్ని పోగొట్టమని ఒక నల్లని ఓషధిని వేడుకునే సూక్తాలున్నాయి. ఆ ఓషధి బావంచాలేనని కొందరు రాశారు. ఆ గుర్తింపు నిర్ధారణ కాలేదు. పాత గ్రంథాల్లోని మొక్కల పేర్లను నేటి మొక్కలతో ముడిపెట్టేటప్పుడు చరిత్ర విద్యార్థి ఈ జాగ్రత్త తీసుకోవాలి.

చరక సంహితలోని ఆధారం ఇంతకన్నా స్పష్టమైనది. అందులో కుష్ఠ చికిత్సా అధ్యాయం శ్విత్రానికి ఒక పద్ధతి చెబుతుంది. మేడి జాతికి చెందిన 'మలపూ' అనే చెట్టు రసాన్ని బెల్లంతో తాగించాలి. రోగి ఒంటికి నూనె రాసుకుని తన బలాన్ని బట్టి ఎండ కాచుకోవాలి. మచ్చల మీద లేచే పొక్కులను ముల్లుతో చిదిపి నీరు తీయాలి. ఇక్కడ మూడు విషయాలు గమనించండి. మొదటిది, మందూ ఎండా ఒకే చికిత్సలో భాగాలు. రెండోది, ఎండ ఎంతసేపన్న దానికి 'బలాన్ని బట్టి' అనే హద్దు ఉంది. మూడోది, పొక్కులు వస్తాయని ముందే తెలుసు. మేడి జాతికే చెందిన అంజూరపు చెట్టు పాలలో సోరాలెన్ కుటుంబపు రసాయనాలు ఉన్నాయనీ, ఆ పాలు చర్మానికి తగిలి ఎండ పడితే పొక్కులు లేస్తాయనీ ఆధునిక పరిశోధన చెబుతోంది. బావంచాలను శ్విత్ర చికిత్సలో వాడడం ఆయుర్వేద గ్రంథాల్లో విస్తృతంగా కనిపిస్తుంది.

ఇదే కాలంలో కాకపోయినా ఇలాంటి జ్ఞానమే మరో చోట కనిపిస్తుంది. 13వ శతాబ్దానికి చెందిన ఇబ్న్ అల్ బైతార్ స్పెయిన్‌లోని మలాగాలో పుట్టి, ఉత్తర ఆఫ్రికా మీదుగా ప్రయాణించి, 1248లో డమాస్కస్‌లో మరణించిన వృక్ష వైద్యుడు. ఓషధులపై తన గ్రంథంలో ఆయన 'అత్రిలాల్' అనే మొక్కను వివరించాడు. దాని గింజల పొడిని లోపలికిచ్చి, మచ్చలున్న చోట ఎండ తగిలేలా రోగిని కూర్చోబెట్టాలని రాశాడు. వాయవ్య ఆఫ్రికాలోని బెన్ షోయబ్ అనే బెర్బర్ తెగ ఈ మందును రహస్యంగా ఉంచి అమ్ముకునేదని కూడా ఆయన తెలిపాడు. ఈ మొక్క శాస్త్రీయ నామం అమ్మి మేజస్. ఇది ధనియాలు, వాము కుటుంబానికి చెందింది. నైలు నది లోయలో కలుపు మొక్కగా పెరుగుతుంది.

బావంచాలు చిక్కుడు కుటుంబానికి చెందిన మొక్క. అత్రిలాల్ కుటుంబం వేరు. రెండు వేరువేరు ప్రాంతాల్లో, రెండు వేరువేరు మొక్కలతో వైద్యులు ఒకే పద్ధతికి చేరుకున్నారు. అనుభవం నుంచి వచ్చిన జ్ఞానానికి ఇది మంచి ఉదాహరణ. అయితే ఆ గింజలో పనిచేసేది ఏమిటి, ఎండలోని ఏ భాగం అవసరం, ఎంత మోతాదు సురక్షితం అన్న ప్రశ్నలకు ఆ గ్రంథాల్లో సమాధానం లేదు. ఒక గింజకూ మరో గింజకూ మందు పాళ్లు మారతాయి. మాఘమాసపు ఎండ వేరు, వైశాఖపు ఎండ వేరు. అందుకే ఒకరికి మచ్చ నయమైతే మరొకరికి ఒళ్లు కాలింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
1. 'శ్వేతకుష్ఠం' అనే పేరు బొల్లి ఉన్నవారికి ఎలా నష్టం కలిగించింది?
2. చరక సంహితలోని పద్ధతికీ, ఇబ్న్ అల్ బైతార్ వర్ణించిన పద్ధతికీ ఉన్న పోలిక ఏమిటి?

9.4 ఐరోపాలో కాంతి పరిశోధన

19వ శతాబ్దం చివర ఐరోపాలో కాంతిని వైద్య సాధనంగా వాడే ప్రయత్నాలు మొదలయ్యాయి. డెన్మార్క్‌కు చెందిన నీల్స్ ఫిన్సెన్ చర్మానికి సోకే క్షయ వ్యాధిని గాఢమైన ఆర్క్ దీపపు కాంతితో నయం చేశాడు. 1896లో కోపెన్‌హాగెన్‌లో ఆయన పేరిట కాంతి చికిత్సా సంస్థ ఏర్పడింది. 1903లో ఆయనకు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఫిన్సెన్ చికిత్సలో మందు లేదు, కాంతి మాత్రమే ఉంది.

మందునూ కాంతినీ కలిపే ఆలోచన మ్యూనిక్‌లో యాదృచ్ఛికంగా బయటపడింది. ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి, తన గురువు హెర్మన్ ఫాన్ టాపైనర్ ప్రయోగశాలలో అక్రిడిన్ అనే రంగు పదార్థం పారమీషియం అనే ఏకకణ జీవులపై చూపే ప్రభావాన్ని పరీక్షిస్తున్నాడు. ఒకే మోతాదు ఒకసారి జీవులను త్వరగా చంపుతోంది, మరోసారి చంపడం లేదు. తేడా గదిలోని వెలుతురులో ఉందని ఆయన గుర్తించాడు. చీకటిలో హాని చేయని పదార్థం వెలుతురులో ప్రాణం తీస్తోంది. 1903లో టాపైనర్, యెసియోనెక్ కలిసి ఇయోసిన్ అనే రంగును చర్మపు కాన్సర్ మీద పూసి కాంతి ప్రసరింపజేశారు. ఆక్సిజన్ సాయంతో జరిగే ఈ చర్యకు టాపైనర్ ఇచ్చిన పేరు నుంచే 'ఫోటోడైనమిక్ చికిత్స' అనే పదం వచ్చింది.

మొక్కల రసాయనాల విషయంలో ఐరోపాకు తొలి పాఠం ఆసుపత్రిలో కాక అలంకరణ సామగ్రిలో దొరికింది. బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్క నూనెను అత్తర్లలో కలిపేవారు. ఆ అత్తరు రాసుకుని ఎండలోకి వెళ్లినవారికి, అది కారిన మేరకు చర్మం నల్లని చారలు తేలింది. 1916లో ఫ్రాయిండ్ అనే వైద్యుడు దీన్ని వర్ణించాడు. బెర్గమాట్ నూనెలోని బెర్గాప్టెన్‌ను రసాయనవేత్తలు 1834లోనే వేరుచేశారు. అయితే దానికీ ఎండకూ ఉన్న సంబంధం తేలడానికి వంద సంవత్సరాలకు పైగా పట్టింది. 1938లో కుస్కే అనే శాస్త్రవేత్త అంజూరం, సదాపాకు వంటి మొక్కల వల్ల ఎండలో చర్మం పొక్కడానికి ఫ్యూరోకౌమరిన్లు అనే రసాయనాలే కారణమని చూపాడు.

9.5 గింజలోని రసాయనం

ఈలోగా భారతదేశంలో మరో పని జరిగింది. 20వ శతాబ్దం మొదటి భాగంలో మన విశ్వవిద్యాలయాల రసాయన శాస్త్రవేత్తలు దేశీయ ఓషధులను శాస్త్రీయంగా పరీక్షించడం మొదలుపెట్టారు. స్వదేశీ భావన, పరిమిత వనరులు రెండూ వారిని ఈ దారిలో నడిపించాయి. మొక్కల మీద పరిశోధనకు ఖరీదైన పరికరాల అవసరం తక్కువ, ముడిసరుకు మాత్రం ఇంటి ముందే ఉంది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో టి.ఆర్. శేషాద్రి నాయకత్వంలో మొక్కల రంగు పదార్థాలు, కౌమరిన్ల మీద జరిగిన విస్తృత పరిశోధన ఈ ధోరణికి చెందినదే.

1933లో హెచ్.ఎస్. జోయిస్, బి.ఎల్. మంజునాథ్, ఎస్. వెంకటరావు బావంచాల గింజల రసాయన పరీక్ష ఫలితాలను భారతీయ రసాయన శాస్త్ర సంఘం పత్రికలో ప్రచురించారు. వారు వేరుచేసిన పదార్థానికి బావంచాల శాస్త్రీయ నామమైన 'సోరాలియా' నుంచి 'సోరాలెన్' అనే పేరు వచ్చింది. అదే నేడు ఆ మొత్తం రసాయన కుటుంబానికి పేరు. ప్రపంచమంతటా వైద్యులు పలికే 'పువా' అనే మాటలో మొదటి అక్షరం ఈ సోరాలెన్‌దే.

సోరాలెన్ ఎలా పనిచేస్తుందో తరవాతి దశాబ్దాల్లో తెలిసింది. ఈ అణువు బల్లపరుపుగా ఉంటుంది. కణంలోని డి.ఎన్.ఎ.ను మెలితిప్పిన నిచ్చెన అనుకుంటే, సోరాలెన్ దాని రెండు మెట్ల మధ్య సందులో దూరుతుంది. చీకటిలో అంతకు మించి ఏమీ చేయదు. 320 నుంచి 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత-ఎ కిరణం పడినప్పుడు మాత్రం నిచ్చెన రెండు కమ్ములకూ అతుక్కుని వాటిని కలిపి బంధిస్తుంది. అప్పుడు ఆ కణం విభజన చెందలేదు. సోరియాసిస్‌లో అతివేగంగా పెరిగే చర్మ కణాలకు ఇది కళ్లెం వేస్తుంది. బొల్లిలో మరో ప్రభావం కూడా ముఖ్యం: వెంట్రుకల మూలాల్లో మిగిలిన వర్ణకణాలు ప్రేరణ పొంది మచ్చలోకి పాకుతాయి. రంగు మొదట చిన్న చుక్కలుగా వెంట్రుకల చుట్టూ తిరిగి రావడానికి కారణం ఇదే. మచ్చ మీది వెంట్రుకలు కూడా తెల్లబడితే చికిత్స ఫలించడం కష్టమన్నదీ ఇందువల్లనే.

9.6 కైరోలో ఎల్ మోఫ్తీ కృషి

మొక్క, ఎండ, రసాయనం మూడింటినీ ఆసుపత్రిలో ఒకచోట చేర్చిన ఘనత ఈజిప్టు శాస్త్రవేత్తలది. 1940లలో కైరోలో చర్మ వైద్యుడు అబ్దెల్ మొనెమ్ ఎల్ మోఫ్తీ అత్రిలాల్ గింజల పొడితో బొల్లి రోగులకు చికిత్స మొదలుపెట్టాడు. పొడి తిన్నవారికి వికారం, తలనొప్పి వంటి ఇబ్బందులు కలిగాయి. పొడి బదులు అందులోని అసలు పదార్థం కావలసి వచ్చింది.

1947లో ఈజిప్టు రసాయన శాస్త్రవేత్తలు ఫహ్మీ, అబూ షాదీ బృందం ఆ గింజల నుంచి స్ఫటిక పదార్థాలను వేరుచేసింది. అందులో ప్రధానమైనదే 8-మెథాక్సీ సోరాలెన్. దీనికి వైద్యంలో స్థిరపడిన పేరు మెథాక్సాలెన్. 1948లో ఎల్ మోఫ్తీ తన తొలి వైద్య నివేదికను ఈజిప్టు వైద్య పత్రికలో ప్రచురించాడు. త్వరలోనే అక్కడి కంపెనీ ఒకటి 'మెలడినిన్' పేరుతో మాత్రలు తయారుచేసింది.

వలస పాలన నీడ ఇంకా తొలగని దేశంలో, స్థానిక మొక్కతో, స్థానిక శాస్త్రవేత్తలు, స్థానిక రోగుల అవసరం కోసం చేసిన ఆవిష్కరణ ఇది. విజ్ఞానం ఎప్పుడూ పశ్చిమం నుంచి తూర్పుకే ప్రవహిస్తుందన్న అభిప్రాయాన్ని ఇది సరిదిద్దుతుంది. ఎల్ మోఫ్తీ పాత అరబ్బీ గ్రంథాన్ని గౌరవించాడు, దాన్ని రుజువుగా మాత్రం తీసుకోలేదు. అందులోని సూచనను రోగుల మీద గమనించి, నమోదు చేసి, పరీక్షించాడు. సంప్రదాయ జ్ఞానంతో శాస్త్రవేత్త వ్యవహరించవలసిన తీరుకు ఇది నమూనా.

9.7 దీపం కిందికి చేరిన చికిత్స

ఈజిప్టు ఫలితాలు అమెరికాకు చేరాయి. ఒరెగాన్‌లో లెర్నర్, డెంటన్, ఫిట్జ్‌పాట్రిక్ 1953లో మెథాక్సాలెన్‌తో బొల్లి చికిత్సపై తమ అధ్యయనాన్ని ప్రచురించారు.

ఈ మందు అమెరికాలో ఒక ఊహించని సామాజిక ప్రయోగానికి కూడా ఉపయోగపడింది. 1959లో జాన్ హోవర్డ్ గ్రిఫిన్ అనే తెల్లజాతి రచయిత మెథాక్సాలెన్ మాత్రలు మింగి, అతినీలలోహిత దీపం కింద ఉండి, పైన రంగు కూడా పూసుకుని నల్లజాతి వ్యక్తిగా దక్షిణాది రాష్ట్రాల్లో తిరిగాడు. అక్కడ తనకు ఎదురైన వివక్షను 1961లో 'బ్లాక్ లైక్ మీ' అనే పుస్తకంగా వెలువరించాడు. చర్మం రంగు మారగానే మనిషికి దక్కే మర్యాద ఎలా మారుతుందో ఆ పుస్తకం చూపింది. కైరోలో బొల్లి రోగికి తెలిసిన సత్యమే న్యూ ఆర్లీన్స్‌లో మరో రూపంలో రుజువైంది.

1970ల దాకా కాంతికి ఆధారం ఎక్కువగా ఎండే. ఎండను కొలిచి ఇవ్వడం సాధ్యం కాదు. మబ్బు పట్టవచ్చు, రోగి ఆలస్యం కావచ్చు, ఋతువు మారవచ్చు. అతినీలలోహిత-ఎ కిరణాలను మాత్రమే గాఢంగా వెదజల్లే దీపాలు రావడంతో ఈ సమస్య తీరింది. 1974లో బోస్టన్‌లో పారిష్, ఫిట్జ్‌పాట్రిక్, టానెన్‌బామ్, మధుకర్ పాఠక్ బృందం మెథాక్సాలెన్ మాత్రనూ ఈ దీపాలనూ కలిపి తీవ్రమైన సోరియాసిస్‌ను అదుపు చేయవచ్చని నిరూపించింది. సోరాలెన్, అతినీలలోహిత-ఎ అనే రెండు పేర్ల ఆంగ్ల పొడి అక్షరాలు కలిసి 'పువా' అయింది.

చికిత్స క్రమం ఇలా ఉండేది. కిలో శరీర బరువుకు సుమారు 0.6 మిల్లీగ్రాముల మందు మింగాలి. దాదాపు రెండు గంటల తరవాత దీపాల పెట్టెలో నిలబడాలి. కాంతి మోతాదును చర్మ తత్వాన్ని బట్టి తక్కువతో ప్రారంభించి క్రమంగా పెంచాలి. వారానికి రెండు మూడు సార్లు ఇది జరగాలి. మందు శరీరంలో ఉన్నంతసేపు, అంటే ఆ రోజంతా, కళ్లకు ప్రత్యేక అద్దాలు ధరించాలి. మామూలు కిటికీ అద్దం గుండా కూడా ఈ కిరణాలు లోపలికి వస్తాయి కాబట్టి ఇంట్లో ఉన్నా, బస్సులో ఉన్నా జాగ్రత్త తప్పదు.

చరకుడు 'బలాన్ని బట్టి' అన్నది ఇక్కడ మిల్లీగ్రాములుగా, చదరపు సెంటీమీటరుకు ఇన్ని జౌళ్లుగా మారింది. ఆలోచన పాతదే, దానికి అంకె తోడైంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
3. 'సోరాలెన్' అనే పేరు ఎలా వచ్చింది?
4. ఎండకు బదులు దీపం వాడడం వల్ల చికిత్సలో వచ్చిన మార్పు ఏమిటి?

9.8 కొలత బయటపెట్టిన హాని

డి.ఎన్.ఎ.ను బంధించే మందు డి.ఎన్.ఎ.ను దెబ్బతీయకుండా ఉంటుందా? ఈ ప్రశ్నను అమెరికా వైద్యులు చికిత్స తొలినాళ్లలోనే వేసుకున్నారు. 1970ల మధ్యలో 16 వైద్య కేంద్రాల్లో పువా తీసుకున్న 1,380 మంది సోరియాసిస్ రోగుల పేర్లు నమోదు చేసి, వారిని ఏళ్ల తరబడి గమనించే అధ్యయనం ప్రారంభించారు. 1979లో రాబర్ట్ స్టెర్న్ బృందం తొలి హెచ్చరిక చేసింది: ఈ రోగుల్లో ఒక రకం చర్మపు కాన్సర్ అంచనాకు మించి కనిపిస్తోంది. 1997లో అదే అధ్యయనం మరింత ప్రమాదకరమైన మెలనోమా ముప్పు కూడా చికిత్స మొదలై చాలా ఏళ్లయినవారిలో, ఎక్కువసార్లు చికిత్స పొందినవారిలో పెరిగిందని తెలిపింది. అతినీలలోహిత-ఎ కిరణాలతో కలిపి వాడే మెథాక్సాలెన్‌ను అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ మానవులకు కాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది.

ఈ అధ్యయనంలో ఎక్కువమంది తెల్లని చర్మం గలవారు. ముదురు రంగు చర్మంలోని మెలనిన్ కొంత రక్షణ ఇస్తుంది. కాబట్టి ఆ ఫలితాలను యథాతథంగా అందరికీ అన్వయించకూడదు. అలాగని ముప్పు లేదనీ అనుకోకూడదు.

ఇక్కడ చరిత్ర విద్యార్థి ఆలోచించవలసిన విషయం ఒకటుంది. బావంచాలను వందల ఏళ్లుగా వాడుతున్నారు. ఎండతో కలిపి దీర్ఘకాలం వాడితే ఇటువంటి హాని ఉండవచ్చని ఏ పాత గ్రంథంలోనూ ఎందుకు లేదు? పాత వైద్యులకు శ్రద్ధ లేక కాదు. ఇరవై ఏళ్ల తరవాత వచ్చే కాన్సర్‌ను, ఇరవై ఏళ్ల కిందటి చికిత్సతో ముడిపెట్టాలంటే వందలమంది పేర్లు, మోతాదులు, తేదీలు రాసి పెట్టుకోవాలి. ఒక వైద్యుడి జ్ఞాపకానికి అది అందదు. పొక్కు రేపే వస్తుంది కాబట్టి చరకుడికి తెలిసింది. కాన్సర్ తరం గడిచాక వస్తుంది కాబట్టి తెలియలేదు. 'తరతరాలుగా వాడుతున్నాం, ఏమీ కాలేదు' అనే మాట వెంటనే కనిపించే హాని విషయంలో కొంత రుజువే. ఆలస్యంగా వచ్చే హాని విషయంలో అది రుజువు కాదు.

పువా స్థానంలోకి మరో పద్ధతి వచ్చింది. 311 నానోమీటర్ల వద్ద సన్నని పట్టీగా కాంతినిచ్చే అతినీలలోహిత-బి దీపాలు 1980లలో వాడుకలోకి వచ్చాయి. 1997లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు బొల్లికి ఈ పద్ధతి పూత మందు పువా కన్నా తక్కువ ఇబ్బందులతో పనిచేస్తుందని చూపారు. దీనికి మాత్ర అవసరం లేదు. కాబట్టి మొక్క పక్కకు తప్పుకుని కాంతి ఒక్కటే మిగిలింది. బొల్లికీ, సోరియాసిస్‌కూ నేడు చాలా చోట్ల ముందుగా వాడేది ఇదే.

9.9 చర్మం నుంచి రక్తానికి, పత్రహరితానికి

సోరాలెన్ కథ అంతటితో ముగియలేదు. 1987లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ ఎడెల్సన్ బృందం, చర్మంలో చేరే టి-కణాల కాన్సర్‌కు కొత్త చికిత్సను ప్రకటించింది. రోగి రక్తంలోని తెల్లకణాలను యంత్రంలో వేరుచేసి, మెథాక్సాలెన్ సమక్షంలో అతినీలలోహిత-ఎ కాంతికి గురిచేసి, తిరిగి శరీరంలోకి ఎక్కిస్తారు. ఇతర మందులకు లొంగని 37 మంది రోగుల్లో 27 మందికి మేలు కనిపించింది. మరుసటి సంవత్సరమే అమెరికా ఔషధ సంస్థ ఈ పద్ధతికి అనుమతి ఇచ్చింది. అవయవ మార్పిడి, మూలుగ మార్పిడి తరవాత వచ్చే కొన్ని సమస్యలకు కూడా దీన్ని నేడు వాడుతున్నారు.

టాపైనర్ ప్రారంభించిన ఫోటోడైనమిక్ శాఖలోకి కూడా మొక్కలు ప్రవేశించాయి. ఆకుకు పచ్చదనాన్నిచ్చే పత్రహరితం కాంతిని పట్టుకోవడానికే పుట్టిన అణువు. దాన్ని మార్చి తయారుచేసిన తలపోర్ఫిన్ అనే మందుకు తొలిదశ ఊపిరితిత్తుల కాన్సర్ చికిత్స కోసం జపాన్ 2003లో అనుమతినిచ్చింది. దీన్ని రక్తంలోకి ఎక్కించి, కణితి ఉన్న చోట సన్నని గొట్టం ద్వారా ఎర్రని లేజర్ కాంతి ప్రసరింపజేస్తారు. సోరాలెన్ డి.ఎన్.ఎ.కు అతుక్కుంటుంది. పత్రహరిత జన్య మందు ఆక్సిజన్‌ను తీవ్రంగా చర్య జరిపే రూపంలోకి మార్చి కణాన్ని చంపుతుంది. రెండింటిలోనూ మందు ఒంటరిగా నిద్రాణంగా ఉంటుంది, కాంతి దాన్ని లేపుతుంది. కాంతి పడిన చోటే పనిచేయడం దీని ప్రత్యేకత.

9.10 భారతదేశంలో నేటి స్థితి

మన దేశంలో దీపాల పెట్టెలు పెద్ద పట్టణాల్లోనే ఎక్కువ. పల్లె నుంచి వారానికి మూడుసార్లు ఆసుపత్రికి రావాలంటే కూలి పోతుంది, బస్సు ఛార్జీ అవుతుంది. అందుకే వైద్యుల పర్యవేక్షణలో సోరాలెన్ మందు ఇచ్చి ఎండ వాడే 'పువాసోల్' పద్ధతి భారతదేశంలో నిలిచింది. మన ఎండ సమృద్ధి దీనికి బలం. కొలత కష్టం కావడం దీని బలహీనత. దీపం కొనలేని చోట పాత పద్ధతే కొత్త పేరుతో కొనసాగిందని చెప్పవచ్చు.

బొల్లి చుట్టూ అల్లుకున్న భయం మోసగాళ్లకు వ్యాపారమైంది. స్వతంత్ర భారత పార్లమెంటు 1954లో చేసిన మందులు, మంత్ర చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం పరిధిలో, నయం చేస్తామని ప్రకటించకూడని వ్యాధుల జాబితాలో బొల్లి కూడా ఉంది. అయినా గోడల మీద, పత్రికల్లో అటువంటి ప్రకటనలు కనిపిస్తూనే ఉన్నాయి. బావంచాలు సహజమైనవి కాబట్టి హాని చేయవని నమ్మి, సొంతంగా నూరి పూసుకుని ఎండలో కూర్చుని ఒళ్లు కాల్చుకునేవారు నేటికీ ఉన్నారు. సోరాలెన్ గింజలో ఉన్నా మాత్రలో ఉన్నా దాని స్వభావం ఒకటే. మాత్ర మీద మోతాదు రాసి ఉంటుంది, గింజ మీద ఉండదు.

9.11 సారాంశం

మొక్కల రసాయనాలతో కాంతి చికిత్స ఒక దేశానిదీ, ఒక కాలానిదీ కాదు. భారతదేశంలోనూ, అరబ్బు లోకంలోనూ వైద్యులు మొక్కనూ ఎండనూ కలిపే పద్ధతిని అనుభవంతో కనుగొన్నారు. 1933లో భారతీయ రసాయన శాస్త్రవేత్తలు బావంచాల నుంచి సోరాలెన్‌ను, 1947లో ఈజిప్టువారు అత్రిలాల్ నుంచి మెథాక్సాలెన్‌ను వేరుచేశారు. ఎల్ మోఫ్తీ దాన్ని ఆసుపత్రి చికిత్సగా మార్చాడు. 1974లో బోస్టన్ బృందం కొలత గల దీపాన్ని జోడించింది. ఆ కొలతే 1979 తరవాత చికిత్స వల్ల కలిగే కాన్సర్ ముప్పును కూడా వెల్లడించింది. సంప్రదాయం సరైన ప్రశ్నను అందించింది. రసాయన శాస్త్రం, దీర్ఘకాల నమోదులు దానికి జవాబు వెతికాయి. ఈ రెండింటిలో ఏ ఒక్కదాన్ని వదిలినా ఈ చరిత్ర అసంపూర్ణమవుతుంది.

9.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. బావంచాల నుంచి పువా చికిత్స దాకా జరిగిన పరిణామాన్ని వివరించండి.
2. 'తరతరాల వాడుక ఒక మందు భద్రతకు రుజువు' అనే వాదాన్ని పువా అధ్యయనాల ఆధారంగా పరిశీలించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. అబ్దెల్ మొనెమ్ ఎల్ మోఫ్తీ కృషి ప్రాముఖ్యాన్ని తెలపండి.
2. సోరాలెన్ పనిచేసే విధానాన్ని పత్రహరిత జన్య మందు పనిచేసే విధానంతో పోల్చండి.
3. పువాసోల్ పద్ధతి భారతదేశంలో కొనసాగడానికి కారణాలేమిటి?

III. మీ ప్రాంతంలో బొల్లి ఉన్నవారి పట్ల సమాజ వైఖరి గత రెండు తరాల్లో ఎలా మారిందో పెద్దలను అడిగి తెలుసుకుని, వారి పేర్లు వెల్లడించకుండా ఒక పుట వ్యాసం రాయండి.